పక్కన మనిషిని పెడితే సరిపోతుందా?

ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. వాళ్ల బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. ఆటిజం ఉందని నాలుగో ఏటే తేలింది. మాటలు వచ్చు గానీ, తనకేం కావాలో చెప్పడానికి వాటిని వాడడు. విన్న వాక్యాలనే తిరిగి అంటుంటాడు. చదవడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పేజీలు గడగడా చదివేస్తాడు, అందులోంచి ప్రశ్న అడిగితే మాత్రం పేజీ మళ్లీ మొదటి నుంచి అందుకుంటాడు. లిఫ్టులంటే ప్రాణం. మామూలు బడిలో, అందరు పిల్లల మధ్యే చదువుతున్నాడు. స్పెషల్ ఎడ్యుకేటర్ వారానికి రెండుసార్లు వచ్చి 40 నిమిషాల చొప్పున వేరే గదికి తీసుకెళ్తారు. అక్కడ చెప్పినవన్నీ చేస్తాడట. తరగతిలో అయితే కుర్చీలో నిలవడు. మధ్యాహ్నం భోజనం గంటకు కాస్త ముందు చెవులు మూసుకుని అరుస్తాడు. ఈమధ్య రెండుసార్లు తోటి పిల్లాణ్ని తోశాడు, ఒకసారి గేటు దాకా పరుగెత్తాడు. ఇంటికొచ్చాక బూట్లు విప్పకముందే ఏడుపు మొదలై గంటసేపు ఆగదు. రోజంతా పక్కన ఉండే షాడో టీచర్‌ని మీరే పెట్టుకోండి, లేదంటే ప్రత్యేక పాఠశాల చూసుకోండి, నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చండి అన్నారట బడివాళ్లు. ‘మనమే గారాబం చేసి చెడగొట్టాం, రెండు తగిలిస్తే దారికొస్తాడు’ అన్నది భర్తగారి మాట. ‘మనిషిని పెడితే మావాడు నిలదొక్కుకుంటాడా? ప్రత్యేక బడికి పంపితే వాడికి అన్యాయం చేసినట్టా? తోటి పిల్లలకు వాడి సంగతి చెప్పాలా వద్దా?’ అని ఆ తల్లి అడుగుతున్నారు.

చివర్లో మీరడిగిన మూడు ప్రశ్నల కన్నా, అంతకుముందు బాబు గురించి మీరు రాసిన చిన్నచిన్న సంగతులే నాకు ఎక్కువ పనికొచ్చాయి. జవాబులు చాలావరకు వాటిలోనే ఉన్నాయి.

వేరే గదిలో చెప్పినవన్నీ చేస్తున్నాడు, తరగతిలో చేయడం లేదు. దీన్నిబట్టి ‘పక్కన ఒకరుంటేనే చేస్తాడు’ అనుకున్నారు బడివాళ్లు. షాడో టీచర్ మాట అందుకే వచ్చింది. అయితే ఆ గదిలో మనిషితో పాటు ఇంకా చాలా ఉన్నాయి. గోల లేదు. ఒకసారికి ఒక్క పనే ముందుంటుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కళ్లకు కనిపిస్తుంది. చెప్పేవాళ్లు ఎదురుగా కూర్చుని పొడి మాటల్లో చెబుతారు. తరగతిలో ఇవేవీ ఉండవు. అదనపు మనిషి లేకుండానే వీటిలో చాలావాటిని తరగతిలోకి తేవచ్చు, కాకపోతే ఆ పని ఇంతవరకూ ఎవరూ చేసినట్టు లేదు. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి దానంతటదే పాకకపోవడం ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఉండే ఇబ్బంది. గదిలో నేర్పి, ఫలితం తరగతిలో కనబడాలని చూస్తే రోజులు గడిచిపోతాయి. ఏ నైపుణ్యం ఎక్కడ అవసరమో అక్కడే నేర్పాలి.

ముందు షాడో టీచర్ సంగతి. మనిషిని పెట్టడం తప్పు కాదు. గేటు దాకా పరుగెత్తిన పిల్లాడి విషయంలో కొన్నాళ్లు కాపలా అవసరం కూడా. రోజంతా పక్కనే మనిషి కూర్చుంటే నష్టమూ ఉంటుంది, అది మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంగ్లండ్‌లో పీటర్ బ్లాచ్‌ఫోర్డ్ బృందం 2003 నుంచి 2009 దాకా బడుల్లో సహాయకుల పని మీద పెద్ద అధ్యయనం చేసింది. దాదాపు ఒకే స్థాయిలో ఉన్న పిల్లలను పోల్చినప్పుడు, సహాయకులతో ఎక్కువ సమయం గడిపినవాళ్లు చదువులో తక్కువ ముందుకెళ్లారని అందులో తేలింది. తప్పు సహాయకులది కాదు, వాళ్లను వాడుకున్న తీరుది. ఆ పిల్లాడు సహాయకురాలి బాధ్యత అని టీచర్ అనుకుంటారు. ఎలాగైనా పేజీ పూర్తిచేయించడమే తన పని అని సహాయకురాలు అనుకుంటారు. టీచర్‌కీ పిల్లాడికీ మధ్య మాటలు తగ్గిపోతాయి. పక్కన పెద్దమనిషి కూర్చుని ఉంటే తోటి పిల్లలూ దగ్గరికి రారు.

చూడ్డానికి ఇది ఇలా ఉంటుంది. టీచర్ ‘పుస్తకాలు తీయండి’ అంటారు. తరగతంతా తీస్తుంది, మీవాడు కదలడు. సహాయకురాలు వంగి చెవి దగ్గర ‘పుస్తకం తీయి నాన్నా’ అంటుంది, తీస్తాడు. పదిసార్లు ఇలా జరిగితే, టీచర్ మాట తనకు కాదనీ రెండోసారి చెవి దగ్గర వినబడేదే తనకనీ వాడు నేర్చేసుకుంటాడు. సాయాలన్నిటిలో మాటసాయాన్ని తగ్గించడమే కష్టం, మనకు తెలియకుండానే నోటికి వచ్చేస్తుంది కాబట్టి. వేలితో పుస్తకం వైపు చూపడం, పక్క పిల్లాడు తీస్తున్నాడని కళ్లతో సైగ చేయడం, బల్ల మీద బొమ్మ కార్డు తట్టడం లాంటివి అయితే మెల్లగా తగ్గించి మానేయవచ్చు.

కాబట్టి మనిషిని పెట్టాల్సే వస్తే కొన్ని షరతులు ముందే రాయించుకోండి. సహాయకురాలు పక్క కుర్చీలో కాకుండా వెనకగా, చేయి చాస్తే అందే దూరంలో ఉండాలి. టీచర్ చెప్పాక మనసులో పది లెక్కపెట్టి, అప్పటికీ కదలకపోతేనే సాయం చేయాలి, అదీ మాటతో కాకుండా సైగతో మొదలుపెట్టాలి. పాఠం చెప్పే బాధ్యత టీచర్‌దే. ఏ గంటలో సాయం అవసరం, ఏ గంటలో అక్కర్లేదు అన్నది రాసి ఉండాలి. వాడికి ఇష్టమైన పీరియడ్లో ఆమె తరగతి ఇంకో మూలకు వెళ్లి వేరే పిల్లలను చూసుకోవచ్చు. వారానికి అరగంటైనా స్పెషల్ ఎడ్యుకేటర్ ఆమెతో కూర్చోవాలి. గంటలు తగ్గించే విషయం మాట్లాడుకోవడానికి ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ లేకపోతే ఐదో తరగతిలోనూ ఆమె అదే కుర్చీలో ఉంటుంది. ఖర్చు ఎవరిదన్న దానికి ఒప్పుకునే ముందు మీ ప్రాంతపు చట్టం ఏమంటుందో కనుక్కోండి. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలోని 24వ అధికరణం, మామూలు చదువుల వ్యవస్థలోనే పిల్లలకు అవసరమైన సర్దుబాట్లూ సహాయమూ అందాలని చెబుతుంది. దాన్ని ఆమోదించిన దేశాల్లో ‘మనిషిని మీరే తెచ్చుకోండి’ అన్న మాట ఎంతవరకు చెల్లుతుందో అడగడం మీ హక్కు.

ఇంతకీ మధ్యాహ్నం గంటకు ముందు ఏం జరుగుతోంది? అది తెలియకుండా మనిషిని పెట్టినా, బడి మార్చినా గుడ్డిగా మార్చినట్టే. రెండు వారాలపాటు ఒక కాగితం పెట్టమని టీచర్‌ని అడగండి. టైము, చోటు, అరుపుకు సరిగ్గా ముందు జరిగింది, వాడు చేసింది, ఆ తర్వాత మిగతావాళ్లు చేసింది. ఒక్కో సంఘటనకు ఒక్క వరుస చాలు, రాయడానికి నిమిషం కూడా పట్టకూడదు, పడితే మూడో రోజున మానేస్తారు. ‘కోపం వచ్చింది’, ‘మొండికేశాడు’ అని రాయొద్దనండి. కెమెరాకు కనిపించేదే రాయాలి. అరవని రోజులను కూడా గుర్తుపెట్టాలి. ఆ రోజు పీరియడ్ మారిందా, వేరే టీచర్ వచ్చారా, బయట ఆటలున్నాయా? చాలాసార్లు గుట్టు అక్కడే దొరుకుతుంది.

ఆ కాగితం ఏం చెప్పవచ్చో కొంత ఊహించగలను. గంట మోత కోసం భయపడుతూ ఎదురుచూస్తుంటే గంట కొట్టాక తగ్గుతుంది. బోర్డు మీద చూసి రాసే పీరియడ్ అదే అయితే చేతి నొప్పీ అలసటా కారణం కావచ్చు. అప్పుడు సగం రాసి ఉన్న కాగితం ఇచ్చి ఖాళీలు మాత్రం నింపమనడంతో చాలా తేడా వస్తుంది. పిల్లలంతా డబ్బాలు తీస్తూ, కుర్చీలు జరుపుతూ, వరుసలో తోసుకుంటుంటే ఆ కలకలమే కారణం కావచ్చు. తోసిన రెండుసార్లూ వరుసలోనే జరిగాయేమో చూడండి. వరుస మధ్యలో ముందూ వెనకా తగులుతుంటారు. చివర్లో నిలబెడితే ఒకవైపే మనుషులుంటారు, మూడు నిమిషాలు ముందే బయటికి పంపితే ఎవరూ ఉండరు. ఆకలి కావచ్చు. ఇంకొకటి, ఎవరూ అడగరు గానీ తప్పకుండా చూడాల్సింది, బడిలో వాడు మూత్రానికి వెళ్తున్నాడా? ఫ్లష్ చప్పుడుకో, వాసనకో, తడినేలకో భయపడి పొద్దుట్నుంచి ఆపుకునే పిల్లలుంటారు. ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే ఏడుపన్నారు కదా, ముందు బాత్రూమ్‌కి పరుగెడుతున్నాడేమో గమనించండి. ఇవన్నీ ఈమధ్యే హఠాత్తుగా పెరిగి ఉంటే డాక్టరుకూ చూపించండి. చెవినొప్పి, పంటినొప్పి, మలబద్ధకం, నిద్రలేమి నోటితో చెప్పలేని పిల్లల్లో ఇలాగే బయటపడతాయి.

స్పెషల్ ఎడ్యుకేటర్ వారానికి 80 నిమిషాలు వస్తున్నారు. ఆ సమయాన్ని పెంచమని అడిగే ముందు, తీరు మార్చమని అడగండి. ఒక 40 నిమిషాలు నేరుగా తరగతిలో, అదీ భోజనం గంటకు ముందున్న పీరియడ్లో కూర్చుని చూడాలి. రెండో 40 నిమిషాల్లో సగం క్లాస్ టీచర్‌తో మాట్లాడటానికి, సగం కార్డులూ కాగితాలూ తయారుచేయడానికి. ఎనిమిది వారాలు ఇలా నడపమనండి. దీనికీ ఒక ఖరీదుంది. వేరే గదిలో బాబుకి దొరుకుతున్న ఆ ప్రశాంతమైన సమయం పోతుంది, మొదటి రెండు వారాలు వాడికి అది లోటుగానే ఉంటుంది. తననెవరో తనిఖీ చేస్తున్నారని క్లాస్ టీచర్‌కి అనిపించవచ్చు. ముప్పై మంది పిల్లలతో వేగే మనిషికి ఇంకో పని తగిలిస్తున్నారన్న విసుగూ రావచ్చు. అందుకే ఒకేసారి పది మార్పులు అడక్కండి. రెండు అడగండి, అవి కుదిరాక మూడోది.

మొదటిది, రోజు ఎలా నడుస్తుందో చూపించే బొమ్మల వరుస. ఆటిజం ఉన్నవాళ్ల కోసం ఎరిక్ షాప్లర్ బృందం 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో మొదలుపెట్టిన టీచ్ (TEACCH) కార్యక్రమం దీన్ని పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చింది. చెవిన పడ్డ మాట గాల్లో కలిసిపోతుంది, కార్డు అక్కడే ఉంటుంది. తదుపరి ఏముందో తెలియని ఆందోళన సగం దానితోనే తగ్గుతుంది. మీవాడు చదవగలడు కాబట్టి బొమ్మ కింద పదం కూడా రాయండి. చాలాచోట్ల ఇది ఎక్కడ చెడుతుందంటే, అందంగా రంగుల్లో ముద్రించి గోడకు ఎత్తుగా అంటిస్తారు, ఆ తర్వాత దాని ముఖం ఎవరూ చూడరు. అది బల్ల మీదే ఉండాలి. అరచేతి వెడల్పున్న అట్ట ముక్క, దానికి వెల్‌క్రో పట్టీ, ఒకసారికి నాలుగు కార్డులే. రోజంతటి పన్నెండు కార్డులూ పెడితే చూసి బెదురుతాడు. పని అయిపోగానే ఆ కార్డును వాడే ఊడదీసి కింద అతికించిన కవర్లో వేయాలి. ‘అయిపోయింది’ అన్నది చేతికి తెలిసేది అక్కడే. ఊడదీయడం టీచరో సహాయకురాలో చేస్తే అది మళ్లీ గోడ మీద బొమ్మే అవుతుంది. లిఫ్టులంటే ఇష్టం కదా, కార్డుల వరుసను అంతస్తులుగా గీయండి: పైనుంచి 4, 3, 2, 1, ఒక్కో కార్డు తీసినప్పుడల్లా ఒక అంతస్తు కిందికి. ఇష్టాలను బహుమానంగా చూపించి ఆశపెట్టే కన్నా ఇలా పనిలో కలిపితే ఎక్కువ నిలుస్తుంది.

పీరియడ్ తారుమారైన రోజు కోసం ‘మార్పు’ అని ఒక కార్డు వేరే రంగులో ఉండాలి. దాన్ని చెడ్డ కబురుతో మొదలుపెట్టొద్దు. మొదటి వారం మంచి మార్పులకే వాడాలి: రాతపని తీసేసి ఆ చోట బొమ్మలు వేయడం పెట్టినట్టు. ఆ కార్డంటే భయం పుట్టకుండా ఉంటే, అసలైన మార్పు వచ్చిన రోజున అది పనిచేస్తుంది.

రెండోది ‘విరామం’ కార్డు. అరవడానికి ముందు మీవాడు చెవులు మూసుకుంటాడని మీరే రాశారు. అంటే హెచ్చరిక వస్తోంది, దాన్ని అందుకునేవాళ్లు లేరు. ఆ క్షణంలో మాటలు వెతుక్కోలేడు, కార్డు ఇవ్వగలడు. దీన్ని నేర్పడానికి ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో రూపొందించిన బొమ్మల మార్పిడి పద్ధతిలోని ఒక కిటుకు బాగా పనికొస్తుంది. మొదట్లో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. కార్డు అందుకునే మనిషి ఎదురుగా చేయి చాచి ఉంటుంది, ఇంకొకరు వెనక నిలబడి నోరు మెదపకుండా పిల్లాడి చేతిని కార్డు మీదికి, అక్కణ్నుంచి ఎదుటి అరచేతిలోకి నడిపిస్తారు. ‘నీకేం కావాలి? విరామం కావాలా?’ అని ఎవరూ అడక్కూడదు. అడిగితే, అడిగాకే ఇవ్వాలని నేర్చుకుంటాడు. వెనకున్న చేయి రోజురోజుకీ వెనక్కి తగ్గాలి: మణికట్టు, మోచేయి, భుజం, ఆ పైన ఏమీ లేదు. ఈ సాధన అంతా వాడు నిమ్మళంగా ఉన్నప్పుడే, రోజుకు నాలుగైదుసార్లు. కెరటం వచ్చాక ఈత నేర్పలేం.

కార్డు ఇచ్చిన వెంటనే విరామం దొరకాలి, ప్రతిసారీ. ‘ఈ రెండు లెక్కలు చేసి వెళ్లు’ అన్నారంటే కార్డు చచ్చిపోయినట్టే; మర్నాటి నుంచి మళ్లీ అరుపే. ‘అలా అయితే పని ఎగ్గొట్టడానికి రోజంతా కార్డులే ఇస్తాడు కదా’ అని టీచర్ అంటారు. నిజమే, మొదటి వారం ఇస్తాడు. ఇవ్వనివ్వండి. అది పనిచేస్తుందని వాడికి నమ్మకం కలిగాక, పొద్దుటికి ఇన్ని, మధ్యాహ్నానికి ఇన్ని అని కార్డుల సంఖ్య పెట్టవచ్చు. విరామం మూడు నుంచి ఐదు నిమిషాలు, ఇసుక గడియారంతో. చోటు తరగతిలోనే ఒక మూల అయినా చాలు. తప్పు చేసిన పిల్లలను నిలబెట్టే మూల మాత్రం కాకూడదు. తిరిగి వచ్చాక అదే పని మిగిలి ఉండాలి, కాస్త చిన్నదిగా.

చప్పుడు తగ్గించడానికి చెవులకు పెట్టుకునే ఇయర్ డిఫెండర్లు కూడా అడగవచ్చు, గంటకు ముందు, గుంపులో, హాల్లో. రోజంతా పెట్టేస్తే మామూలు చప్పుళ్లకు కూడా ఓర్పు తగ్గే ప్రమాదముంది, టీచర్ మాటా అందదు. ఎంతసేపు, ఎప్పుడు అన్నది ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇన్ని చేసినా అరుపులు వచ్చే రోజులుంటాయి. అప్పుడు పెద్దవాళ్లు చేయాల్సినవాటిలో మొదటిది మాట్లాడటం ఆపడం. మంచి మాటలైనా సరే, అవి కూడా చప్పుడే. మిగతా పిల్లలను కాస్త దూరం జరపాలి, ఒక్కరే దగ్గరుండాలి, పట్టుకుని లాగకూడదు, కళ్లలోకి చూడమనకూడదు. పైకి నెమ్మదించినట్టు కనిపించినా లోపల సర్దుకోవడానికి అరగంట, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ లోపల లెక్కల పుస్తకం తీయిస్తే రెండోసారి మొదలవుతుంది. చాలా బడుల్లో జరిగే తప్పు ఇదే. గేటు సంగతికొస్తే, ఆ వైపు తలుపు దగ్గర ఎవరుంటారు, పరుగెత్తితే ఎవరు వెళ్తారు అన్నది పేర్లతో రాసి ఉండాలి. దీనికి ఎనిమిది వారాలు ఆగకూడదు, రేపే జరగాలి.

బొమ్మలు, కార్డులు సరే, రోజంతా టీచర్ నోటి మాట కూడా ఉంది కదా. ముందు పేరు, ఒక్క క్షణం ఆగి, ఒక్క పని. ‘పరుగెత్తకు’ అనే బదులు ‘నడువు’. అర్థం కాలేదనిపిస్తే మాటలు మార్చి చెప్పకుండా అవే మాటలు మళ్లీ చెప్పాలి. మార్చితే వాడు మొదటి నుంచి మళ్లీ అర్థం చేసుకోవాల్సి వస్తుంది. చదివినదాని మీద ప్రశ్నలకు తడబడతాడన్నారు, అక్కడ ‘ఎందుకు’తో మొదలుపెట్టకుండా ‘ఎవరు’, ‘ఎక్కడ’తో, రెండు బొమ్మల్లో ఒకటి ఎంచుకునేలా అడగమనండి. గడగడా చదవడం చూసి అర్థమైందనుకోవడం వల్ల ఇలాంటి పిల్లల అసలు ఇబ్బంది పెద్ద తరగతులదాకా బయటపడదు.

మీవారి మాట గురించి. కొడితే వాడు కొన్నిసార్లు ఆగుతాడు, అందుకే అది పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఆగింది భయంతో, గంట మోత వాడి చెవులకు నొప్పిగానే ఉంటుంది, చెప్పుకునే దారి మాత్రం ఇంకొకటి మూసుకుపోతుంది. చప్పుళ్లకూ స్పర్శకూ వెలుతురుకూ మితిమీరి స్పందించడం, లేదా అసలు స్పందించకపోవడం, ఇప్పుడు ఆటిజం నిర్ధారణ లక్షణాల్లోనే ఒకటి. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్ఎం అనే పుస్తకానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన ఐదో కూర్పులో దాన్ని చేర్చారు. గారాబంతో వచ్చేది కాదది. ఆయనతో వాదించే కన్నా, రెండు వారాల కాగితం ఆయన చేతికే ఇచ్చి ఏ రోజు ఎందుకు జరిగిందో చూడమనండి. ‘మనం చెడగొట్టాం’ అన్న మాట వెనక అపరాధభావం కూడా ఉండవచ్చు, లెక్క కనబడితే అది కాస్త దిగుతుంది.

సాయంత్రం ఏడుపు వింతేమీ కాదు. రోజంతా బిగబట్టుకున్నది ఇంటి గుమ్మంలో వదిలేస్తున్నాడు. ఇల్లు భయం లేని చోటు కాబట్టే అది అక్కడ జరుగుతోంది. మొదటి గంట ‘బడిలో ఏం చేశావ్’ లేదు, హోంవర్క్ లేదు, థెరపీ కూడా లేదు. మసక వెలుతురు, తినడానికి ఏదైనా, వాడి లిఫ్టుల బొమ్మలు. ‘బడిలో బాగానే ఉన్నాడు, ఇంట్లోనే ఇబ్బంది’ అని బడివాళ్లు ఎప్పుడైనా అంటే, ఈ ఏడుపు ఎంతసేపు సాగిందో మీరు రాసుకున్న తేదీలు పనికొస్తాయి. పైన చెప్పిన మార్పులు కుదురుతుంటే ముందుగా తగ్గేది కూడా ఇదే కావచ్చు.

ఇక ప్రత్యేక పాఠశాల. దాన్ని ఓటమిగా చూడకండి, అలాగని బడివాళ్లకు ఇబ్బంది తీర్చే మార్గంగానూ ఒప్పుకోకండి. ఆ ఆలోచన ఎప్పుడు చేయాలంటే, సర్దుబాట్లు కాగితం మీద కాక నిజంగా ఒక టర్మ్ పైగా నడిచాక కూడా పిల్లాడి భద్రతకు హామీ లేనప్పుడు. తిండి, నిద్ర దెబ్బతిని బడి పేరెత్తితేనే వణుకుతున్నప్పుడు. లేదా నిమిష నిమిషమూ ఒకరి సాయం లేకుండా గడవనప్పుడు. మంచి ప్రత్యేక బడిలో చిన్న తరగతులు, శిక్షణ ఉన్న టీచర్లు, అక్కడే థెరపిస్టులు ఉంటారు. పోగొట్టుకునేది మామూలు పిల్లల మాటా ఆటా వింటూ పెరిగే అవకాశం, ఇరుగుపొరుగు స్నేహాలు. తిరిగి మామూలు బడికి రావడం కూడా చెప్పినంత తేలిక కాదు. చూడ్డానికి వెళ్తే గోడల మీద బొమ్మలు చూసి రాకండి. పిల్లల్లో ఎంతమంది తమంతట తాము ఏదైనా అడుగుతున్నారో, ఏడుస్తున్న పిల్లాడితో పెద్దవాళ్లు ఎలా ఉన్నారో ఒక అరగంట కూర్చుని చూడండి.

మధ్యేమార్గం ఇంకొకటి ఉంది: మామూలు బడిలోనే ప్రత్యేక విభాగం లేదా రిసోర్స్ గది, అక్కడ కొన్ని గంటలు, తరగతిలో కొన్ని గంటలు. మీ బడిలో అది ఉంటే పరిశీలించదగినదే. వాడికి చేతనైన పీరియడ్‌కి తరగతిలో ఉండేలా, కష్టమైనదానికి గదికి వెళ్లేలా టైంటేబుల్ ఉండాలి. చాలాచోట్ల దీన్ని తలకిందులు చేసి, పాటలు, ఆటలు, బొమ్మలు వేసే పీరియడ్లకు మాత్రం తరగతికి పంపుతారు. ఆటిజం ఉన్న పిల్లాడికి గోల ఎక్కువ, నియమం తక్కువ ఉన్నవి అవే. మీవాడికి చదవడం వచ్చు, చదివే పీరియడ్లోనే అందరి మధ్య ఉండనివ్వాలి.

నెలాఖరు గడువు గురించి, నోటిమాటగా కాకుండా ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. రెండు వారాల పరిశీలన, ఆపైన ఎనిమిది వారాల ప్రయత్నం, ఆ తర్వాత అందరూ కూర్చుని నిర్ణయం అని అడగండి. అందులో మూడు లక్ష్యాలకు మించి పెట్టొద్దు. ‘ప్రవర్తన మెరుగుపడాలి’ అని రాస్తే ఎనిమిది వారాల తర్వాత ఎవరి అభిప్రాయం వాళ్లదే. ‘వారంలో ఐదు రోజులకు నాలుగు రోజులు విరామం కార్డు తనంతట తానే ఇస్తాడు’ అని రాస్తే లెక్కపెట్టవచ్చు. ప్రతి లక్ష్యం పక్కనా ఎవరు చేస్తారో పేరుండాలి. క్లాస్ టీచర్ సెలవు పెట్టిన రోజు వచ్చేవాళ్లకోసం వాడి గురించి అర పేజీ కూడా బల్ల సొరుగులో ఉంచమనండి: ఏం ఇష్టం, ఏం భరించలేడు, చెవులు మూసుకుంటే ఏం చేయాలి. బడివాళ్లు ఈ ఎనిమిది వారాలకు ససేమిరా అంటే, మీకో సంగతి తెలిసినట్టే. షాడో టీచర్‌ని పెట్టినా ఆ బడిలో ఆమె ఒంటరిగానే మోయాల్సి ఉంటుంది. అప్పుడు వేరే మామూలు బడులు కూడా చూడండి. ఎంచుకోవాల్సింది ఈ బడి, ప్రత్యేక బడి అనే రెండింట్లోనే కాదు.

తోటి పిల్లలకు చెప్పాలా అన్నారు. చెప్పకపోయినా వాళ్లు చూస్తూనే ఉన్నారు, తమకు తోచిన కారణం తామే కల్పించుకుంటారు. అందుకని చెప్పడం మంచిదే, ‘ఆటిజం’ అన్న పేరుతో మొదలుపెట్టకుండా. ‘గంట మోగితే వాడి చెవులకు చాలా గట్టిగా వినిపిస్తుంది, అప్పుడు మనం దగ్గరికి వెళ్లం, ఈ కార్డు ఇస్తే కాసేపు ఆగాలని అర్థం, లిఫ్టుల గురించి అడిగితే మాట్లాడతాడు’ అని, ఏడేళ్ల పిల్లలకు ఇంత చాలు. ఇది బాబు లేనప్పుడు చెప్పాలా, ఉన్నప్పుడా అన్నది వాడినిబట్టి మీరు నిర్ణయించండి, టీచర్‌కే వదిలేయకండి. తోయబడిన పిల్లాడి తల్లిదండ్రులతో మాత్రం మీరే ముందుగా ఒకసారి మాట్లాడండి. ఇక పేరు అంటారా, అది ముందు తెలియాల్సింది బాబుకి. చదవగలడు కదా, తన గురించిన నాలుగు వాక్యాల చిన్న పుస్తకం మీరే రాసి ఇవ్వండి: నాకు ఏం బాగా వచ్చు, నాకు ఏది కష్టం, కష్టమైనప్పుడు నేనేం చేయొచ్చు, దీనికో పేరుంది. తోటి పిల్లలకు ఆ పేరు చెప్పాలో వద్దో ఒకట్రెండేళ్లలో వాణ్నే అడగవచ్చు.